ఇంటిపేరు పిలిస్తే ఇద్దరం లేచాం

ముందు పోయినవి రాస్తాను.

మా అన్న బరువు అరవై ఎనిమిది కిలోల నుంచి యాభై ఒకటికి దిగింది. పదిహేడు కిలోలు పోయాయి. డయాలసిస్ కుర్చీలో ఎనభై మూడు పూటలు పోయాయి. పూటకు నాలుగు గంటల చొప్పున మూడు వందల ముప్పై రెండు గంటలు. దాహం వేసినప్పుడు కడుపునిండా నీళ్ళు తాగడం పది నెలలు పోయింది. చంద్రపూర్‌లో ఒక్క మే నెల గడిపినవారికి ఆ మాట బరువు విడిగా చెప్పనక్కర్లేదు. గనిలో ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని పోయింది. రెండు కిడ్నీలు పోయాయి. వీటన్నిటికంటే ముందు పద్నాలుగు నెలలు పోయాయి.

ఆ పద్నాలుగు నెలలు పోకుండా ఉంటే మిగిలినవన్నీ దక్కేవని నేను అనను. కొన్ని ఎలాగూ పోయేవేమో. ఎన్ని పోయేవో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. పద్నాలుగు నెలలు మాత్రం కచ్చితం. వాటిని పోగొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా ఎడమ కిడ్నీని ఈ వరుసలో రాయడం లేదు. అది పోలేదు. ఇచ్చాను.

నేను బొగ్గు లారీల కాంటా మీద పని చేస్తాను. ఏడో తరగతి వరకు మరాఠీ బడిలో చదివాను. తెలుగు చదవడం, రాయడం పెళ్ళయ్యాక నా భార్య నేర్పింది. ఆమెది ఆదిలాబాద్ వైపు. లెక్కలు ఎవరూ నేర్పలేదు, కాంటా గదిలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. లారీ ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి కాంటా ఎక్కుతుంది. ఆ రెండు బరువుల తేడాయే బొగ్గు. ఒక లారీ బరువు ఇంకో లారీ నంబరు మీద పడితే ఒక చీటీ కాదు, రెండు చీటీలూ తప్పుతాయి. అందుకని "నీ బండి నంబరు ఇదేనా?" అని నేను ఎప్పుడూ అడగను. అలా అడిగితే అలసిపోయిన డ్రైవరు దేనికైనా "హా" అంటాడు. "నీ నంబరు చెప్పు" అంటాను. అతను చెప్పింది, ప్లేటు మీద ఉన్నది, చీటీ మీద ఉన్నది మూడూ కలిస్తేనే బరువు తీసుకుంటాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పద్ధతి. లారీలకు వాడాను గానీ మనుషులకూ ఇది కావాలని చాలాకాలం తోచలేదు.

మా కాలనీలో ఒక ఆదివారం ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. ఏదో ఒక ల్యాబు వాళ్ళు వచ్చి రక్తం తీసుకుని పదిహేను రోజుల్లో రిపోర్టులు పంపుతామన్నారు. ఫారాలు మరాఠీలో ఉన్నాయి. మన తెలుగువాళ్ళలో చాలామందికి మరాఠీ మాట వచ్చు, రాత రాదు. నేను బల్ల దగ్గర కూర్చుని ఒకరి తరువాత ఒకరికి రాసిపెట్టాను. పేరు కోసం మూడు గడులు ఉన్నాయి. మరాఠీవాళ్ళ పద్ధతిలో మొదటి గడిలో సొంత పేరు, రెండో గడిలో తండ్రి పేరు, మూడో గడిలో ఇంటిపేరు రాయాలి. మనం పేరు అడిగితే ముందు ఇంటిపేరే చెబుతాం. మా నాన్న చెప్పేవాడు, నేనూ చెబుతాను. ఎదుటి మనిషి ఏ వరుసలో చెబితే ఆ వరుసలో రాశాను. మొదటి గడిలో ఇంటిపేరు, నడుమ తండ్రి పేరు, చివర సొంత పేరు. ఆ రోజు డెబ్బై నాలుగు ఫారాలు రాశాను. అందరూ మెచ్చుకున్నారు. టీ కూడా ఇప్పించారు.

ల్యాబువాళ్ళ రక్తం సీసా మీద అంటించే చీటీ చిన్నది. దాని మీద మొదటి రెండు గడులే పడతాయి. మరాఠీవాళ్ళకు అది చాలు, సొంత పేరూ తండ్రి పేరూ వస్తాయి. మనవాళ్ళకు ఇంటిపేరూ తండ్రి పేరూ వచ్చాయి. అంటే ఒక తండ్రి కొడుకులందరికీ ఒకే చీటీ. ఇది అప్పుడు నాకు తెలియదు.

రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ అనేది కిడ్నీ పనితీరు చెప్పే అంకె. అన్న కాగితం మీద 0.9 అని ఉంది, సరైనది. నా కాగితం మీద 1.9 అని ఉంది, ఎక్కువ. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మా ఊళ్ళోనే తుకుం పేటలో ఒక ల్యాబుకు వెళ్ళి మళ్ళీ రక్తం ఇచ్చాను. 0.9 వచ్చింది. ఊపిరి పీల్చుకుని అన్న దగ్గరికి పోయాను.

అన్న నవ్వాడు. "గాలి కొట్టే ఏసీ గదిల కూసొని నంబర్లు రాసెటోనికి కిడ్నీ ఎట్ల ఖరాబైతదిరా? వాళ్ళ మిషనే ఖరాబై ఉంటది."

నేనూ నవ్వాను. ఆ 1.9 కాగితాన్ని ఫైల్లో పెట్టేశాను. అది నాది కాకపోతే ఎవరిది అన్న ప్రశ్న నాకు రాలేదు. కాంటా మీద ఒక బరువు ఈ లారీది కాదని తేలితే, అది ఏ లారీదో తేలేదాకా నేను కుర్చీ వదలను. ఆ రోజు వదిలేశాను.

అన్నకు నడుము నొప్పి పాతది. మెడికల్ షాపులో అడిగి రోజుకు రెండు నొప్పి గోళీలు వేసుకునేవాడు. వదినె వద్దని పోరితే, "నా కిడ్నీ ఫస్ట్ క్లాస్ ఉన్నది, రిపోర్టు ఉన్నది" అని బీరువా చూపించేవాడు. బీపీ కొలిపించుకోలేదు. పద్నాలుగు నెలల తరువాత కాళ్ళు ఉబ్బి, తిన్నదల్లా కక్కుకుంటూ ఆస్పత్రిలో చేరాడు. క్రియాటినిన్ 8.6.

డాక్టరు పాత రిపోర్టు ఏమన్నా ఉందా అని అడిగాడు. వదినె ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చూశాడు. "పద్నాలుగు నెలల కింద ఇంత బాగున్న కిడ్నీలు స్కానింగులో ఇంత చిన్నగా ముడుచుకుపోయి కనపడవు. ఇది ఈయనదేనా?" అన్నాడు.

నేను ఇంటికి పోయి నా ఫైలు తీశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. పైన పేరు దగ్గర రెండేసి మాటలు ఉన్నాయి, అవే రెండు మాటలు. మా ఇంటిపేరు, మా నాన్న పేరు. ఏది అన్నదో, ఏది నాదో చెప్పే మాట ఒక్కటీ లేదు. పంచినవాడు ఒకటి ఆయనకు, ఒకటి నాకు ఇచ్చాడు, అంతే.

ఆ సాయంత్రమే చెప్పాను. దాచి ఉంచడానికి నాకు ఏ కారణమూ కనపడలేదు. అన్న మంచం మీద ఆనుకుని కూర్చున్నాడు, వదినె కింద కూర్చుని ఉంది. కాగితాలు చూపించి, ఫారం నేను ఎలా రాశానో, రెండోసారి పరీక్ష చేయించుకుని ఎలా ఊరుకున్నానో మొత్తం చెప్పాను.

అన్న రెండు కాగితాలూ అందుకుని చూశాడు. తరువాత, "ఓరి నీ! నా బీమారిని నీ బీరువల పెట్టి తాళమేసుకున్నవారా ఇన్ని దినాలు?" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

వదినె నవ్వలేదు. "లారీ బరువు తేడా అస్తె అన్నం మానేసి దేవులాడుతవు, మరిదీ. మనిషి తేడా అస్తె నవ్వుకొని ఊకున్నవా?"

ఆ రెండు కాగితాలూ మడిచి ఆమె చేతికే ఇచ్చాను.

చంద్రపూర్‌లో వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. కిడ్నీ మార్చడం గురించి నాగపూర్‌లో అడిగాం. ముందు వదినె ఇస్తానంది. బంధువులంతా అదే సరి అన్నారు, మగవాడు పనికి పోవాలి కదా అని. పరీక్షల్లో ఆమెకు షుగర్ ఉన్నట్టు తేలింది, డాక్టర్లు ఒప్పుకోలేదు. అప్పుడు నేను ఇస్తానన్నాను. నా రక్తం గ్రూపూ అన్న గ్రూపూ ఒకటే.

ఆ ఆస్పత్రిలో కిడ్నీ ఇచ్చేవాళ్ళతో మాట్లాడడానికి ఒకామె ఉంది. నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచింది. మరాఠీలో నెమ్మదిగా మాట్లాడింది. "ఆపరేషన్ రోజు పొద్దున వరకు మీరు వద్దనవచ్చు. వద్దంటే బయట మీవాళ్ళకు వైద్యపరంగా కుదరలేదని మాత్రమే చెబుతాం. ఇంకొక్క మాట కూడా చెప్పం." ఆ తరువాత, "ఎందుకు ఇస్తున్నారు?" అని అడిగింది.

నేను 1.9 కథ చెప్పాను.

ఆమె ఫైలు మూసేసింది. "తప్పు దిద్దుకోవడానికి ఇస్తానంటే మిమ్మల్ని ముందుకు పంపలేను. కిడ్నీ అంటే జరిమానా కాదు. రేపు అది పని చెయ్యలేదనుకోండి, మీ తప్పు మీకు రెండింతలు కనపడుతుంది. ఆ రిపోర్టు సంగతే లేకపోయినా ఇచ్చేవారా? ఇంటికి పోయి ఆలోచించి రండి."

మూడు వారాలు తీసుకున్నాను. ఒక కాగితం మీద కారణాలన్నీ రాశాను, పదకొండు వచ్చాయి. రిపోర్టుతో ముడిపడినవన్నీ కొట్టేశాను. రెండు మిగిలాయి. ఒకటి, ఆయన మా అన్న. రెండు, నా ఒంట్లో ఏ దోషమూ లేదని డాక్టర్లు చెప్పారు. రెండు కారణాలతో పని జరుగుతుందా అని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. జరుగుతుంది అనిపించింది.

నా భార్యకు మాత్రం లెక్క కుదరలేదు. "నువ్వు ఇస్తనంటె నేను వద్దన. కని నాక్కూడ జర సమజయ్యెటట్టు చెప్పమను ఆ ఆస్పత్రి ఆమెను" అంది. రెండోసారి ఇద్దరం వెళ్ళాం.

"ఒకటి తీసినంక మాయన సగం మనిషైతడా?" అని సూటిగా అడిగింది.

"కాడు. మిగిలిన కిడ్నీ ఎక్కువ పని నేర్చుకుంటుంది. రెండూ కలిసి చేసిన దానిలో సగం కంటే బాగా ఎక్కువే చేస్తుంది. అయితే రెంటితో సమానం కాదు. ప్రమాదమే లేదని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఆపరేషన్‌లో ప్రమాదం తక్కువ, కానీ సున్నా కాదు. తరువాత బతికినన్నాళ్ళూ ఏటా బీపీ, మూత్రం, రక్తం చూపించుకోవాలి. అడగకుండా నొప్పి గోళీ ఒక్కటి కూడా వెయ్యకూడదు. కిడ్నీ తీసుకున్నవాళ్ళను అందరూ చూసుకుంటారు. ఇచ్చినవాళ్ళను నెల తిరిగేసరికి మరిచిపోతారు, వాళ్ళే తమను తాము మరిచిపోతారు."

"ఈయన మరువడు" అంది నా భార్య. "బియ్యంల రాళ్ళు సుత లెక్కపెట్టి పారేసే మనిషి."

ఆమెకు ధైర్యం వచ్చింది ప్రమాదం సున్నా కాదన్న మాటతోనే. సున్నా అని ఉంటే నేను నిన్ను అక్కడినుంచి లేపి తీసుకొచ్చేదాన్ని అని బస్సులో చెప్పింది.

చివరి పరీక్షల రోజు ఇద్దరమూ రక్తం ఇచ్చే కౌంటరు ముందు కూర్చున్నాం. అక్కడి అమ్మాయి మా ఇంటిపేరు పెట్టి గట్టిగా పిలిచింది. ఇద్దరం లేచాం.

"కూసో, నన్ను పిలిచింది" అన్నాడు అన్న.

"నన్నే కావచ్చు గదనే."

ఆమె విసుక్కుంది. "తుమ్హీ కోణ?" అంది, మీరెవరు అని. ఆస్పత్రిలో చేరేటప్పుడే పేరు వరుస మార్చి రాయమని చెప్పాను, కానీ ఆధార్ కార్డులో ఇంటిపేరు ముందుంది కాబట్టి వాళ్ళు అదే ఎక్కించారు. సరే, పుట్టిన తేదీ చెప్పండి అంది. ఇద్దరం ఒకే తేదీ చెప్పాం. జూన్ ఒకటి, సంవత్సరం కూడా అదే. అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. నాన్న ఇద్దర్నీ ఒకే రోజు బడిలో వేస్తే హెడ్‌మాస్టరు ఇద్దరికీ ఒకే పుట్టినరోజు రాశాడు.

"జుడ్వా?" అందా అమ్మాయి, కవలలా అని.

"తల్లి కడుపుల కాదు బిడ్డా, హెడ్‌మాస్టర్ రిజిస్టర్ల పుట్టిన జుడ్వలం అని చెప్పురా" అన్నాడు అన్న. నేను హిందీలో చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే రబ్బరు పట్టీ కట్టడానికి నా చెయ్యి అందుకుంది. అప్పటికే చీటీలు అంటించిన సీసాలు ట్రేలో సిద్ధంగా ఉన్నాయి.

నేను చొక్కా చెయ్యి కిందికి దింపేశాను. "నా ఆస్పత్రి నంబరు నన్ను అడగండి. నేను చెప్పాక సీసా మీది నంబరు మీరు చదవండి. తరువాతే సూది."

"అరే కాకా, బాహర్ చాలీస్ లోగ్ బైఠే హై."

"ఆ నలభై మందినీ కూర్చోనివ్వండి."

అన్న నా మోకాలు తట్టాడు. "ఇయ్యిరా, పాపం పొల్ల."

"ఇయ్య" అన్నాను.

వెనక వరుసలో ఎవరో గొణిగారు. ఆమె లేచి లోపలి నుంచి ల్యాబు పెద్దాయనను పిలుచుకొచ్చింది. ఆయన నన్ను నంబరు అడిగాడు. ఆరు అంకెలు చెప్పాను. ఆయన నా కోసం తీసి పెట్టిన సీసా ఎత్తి కళ్ళజోడు పైకి జరిపి చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ చీటీని పీకేశాడు. పక్క సీసా చీటీ కూడా పీకేశాడు. నా సీసా మీద అన్న నంబరు ఉంది, అన్న సీసా మీద నాది.

మధ్యాహ్నం డాక్టరే మమ్మల్ని పిలిపించాడు. ఆ పరీక్షలో అన్న రక్తం నా కిడ్నీ మీద తిరగబడుతుందా లేదా అని చూస్తారట. సీసాలు తారుమారైతే నా రక్తం అన్న కణాల మీద తిరగబడుతుందా అని చూసినట్టు అవుతుంది. దానికి వచ్చే జవాబు మాకు అక్కర్లేనిది. సరిపోయింది అని రాసి ఉన్నా, ఆపరేషన్ బల్ల మీదే కొత్త కిడ్నీ పాడవ్వవచ్చు. "మీరు ఆపారు. మంచిపని. కానీ ఆపాల్సింది మీరు కాదు, మేము" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. ఆ వారం నుంచే అక్కడ పేరు ముందు పిలవడం ఆపి, నంబరు మనిషితో చెప్పించడం మొదలుపెట్టారు. సూది గుచ్చే ముందే చీటీ రాసి పెట్టకూడదని గోడ మీద రాశారు. నేను చూసే వచ్చాను.

ఆపరేషన్ రోజు ముగ్గురు వచ్చి "మీరు ఫలానానే కదా?" అని అడిగారు. ముగ్గురితోనూ "అట్లా కాదు, నీ పేరేమిటి అని అడగండి" అన్నాను. మూడో ఆయన చేతులు జోడించి, "మీరే మా మాస్టరు" అన్నాడు. ఎడమ వైపు పెన్నుతో గుర్తు పెట్టేదాకా కళ్ళు మూసుకోలేదు.

అన్నకు ఇప్పుడు క్రియాటినిన్ 1.4. నాకు 1.2. ఇచ్చిన తరువాత కొంచెం పెరగడం సహజమేనని చెప్పారు. ఇద్దరం పరీక్షలకు కలిసి వెళ్ళం. వేరువేరు రోజులు పెట్టుకున్నాం.

ఇంతటితో నా పని అయిపోయిందని అన్న అనుకున్నాడు. కడుపు మీది గాట్లు మానాక నేను పాత నోటుబుక్కు ఒకటి బయటికి తీశాను. ఏ పని చేసినా ఎన్ని చేశానో రాసిపెట్టుకునే అలవాటు నాకుంది. శిబిరం రోజు రాసిన డెబ్బై నాలుగు ఫారాల పేర్లు వరుసగా అందులో ఉన్నాయి. ఆ ల్యాబు మూతపడింది. శిబిరం పెట్టినవాళ్ళ దగ్గర ఒక్క కాగితం లేదు. ఎవరి చీటీ ఎవరితో కలిసిందో తెలిపేది ప్రపంచంలో ఈ నోటుబుక్కు ఒక్కటే.

ఇంటిపేరూ తండ్రి పేరూ కలిసినవాళ్ళను విడదీశాను. పది ఇళ్ళు తేలాయి. ఏడు ఇళ్ళలో ఇద్దరేసి, మూడు ఇళ్ళలో ముగ్గురేసి అన్నదమ్ములు. మొత్తం ఇరవై ముగ్గురు. మేమిద్దరం పోగా ఇరవై ఒక్కరు.

"నువ్వేమన్న ల్యాబోనివా? వాళ్ళ తప్పుకు నువ్వెందుకు తిరుగుడు?" అన్నాడు అన్న.

"చీటీ వాళ్ళది. రాత నాదే గదనే."

ఆదివారాలు బండి మీద తిరిగాను. విసాపూర్‌లో ఇద్దరన్నదమ్ములు, విషయం చెబితే పెద్దవాడు చెయ్యి ఊపేశాడు. "మంచిదే గదన్నా, నా బీమారి మా తమ్మునికి పోతే! ఆస్తి పంచుకున్నం, ఇది సుత పంచుకుంటం." చిన్నవాడు మాత్రం ఆ రోజే వచ్చి రక్తం ఇచ్చాడు. ఇద్దరివీ బాగానే ఉన్నాయి. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్న ముగ్గురినీ డ్యూటీ మారే వేళ గేటు ముందు పట్టుకున్నాను.

రాజురా వైపు ఒక ఊళ్ళో తమ్ముడు ఏడాదికి పైగా షుగర్ గోళీలు వేసుకుంటున్నాడు, చాయ్‌లో చక్కెర మానేశాడు. అతని అన్న రోజూ బెల్లం ముక్క లేకుండా భోజనం ముగించడు. మళ్ళీ పరీక్ష చేయిస్తే షుగర్ ఉన్నది అన్నకని తేలింది. తమ్ముడు గోళీల డబ్బా అక్కడికక్కడే పారెయ్యబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపి, ముందు డాక్టరుకు చూపించు, నా మాట మీద ఏదీ మానెయ్యకు అన్నాను. అన్న భార్య నా ముందే బెల్లం డబ్బా తీసుకుపోయి పక్కింట్లో ఇచ్చేసింది.

ఎక్కడికి పోయినా కిడ్నీ ఇవ్వడం గురించి కూడా అడుగుతారు. చొక్కా ఎత్తి గాట్లు చూపిస్తాను. సగం మనిషివయ్యావా అంటారు. ఆస్పత్రిలో ఆమె మాకు చెప్పిన మాటలే చెబుతాను, సున్నా కాదన్న మాటతో సహా.

పదిహేడు మందికి అయింది. ఇద్దరన్నదమ్ములు కాంట్రాక్టు అయిపోయి మంచిర్యాల వైపు వెళ్ళారు, వాళ్ళ ఫోన్లు మోగవు. ఒకతను పుణె దగ్గర ఎక్కడో కట్టడం పనిలో ఉన్నాడు. అతని అన్నకు చేయించాను, అన్న రిపోర్టు సరిగ్గా ఉంది. అన్నకు బాగున్నంత మాత్రాన తమ్ముడికీ బాగున్నట్టు కాదు. ఇంకొకతను తుకుంలోనే ఉంటాడు. మూడుసార్లు వెళ్ళాను. "తెలిస్తెనే బీమారి కాకా, తెల్వకపోతె ఏం లేదు" అని తలుపు దగ్గరినుంచే పంపేశాడు. నాలుగోసారి నా భార్యను తీసుకుపోతాను, ఆమెను తలుపు దగ్గరినుంచి పంపడం అంత తేలిక కాదు. మంచిర్యాలకు వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టాను.

ఇరవై ఒకటిలో పదిహేడు పోతే, ఈ రోజుకు నేను ఇంకా బాకీ ఉన్నది నలుగురికి.